దూడ గట్టున మేస్తుందా? పిల్ల జంతువులు మనల్ని చూసి నేర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది నల్లకుంటలో. మా అపార్ట్‌మెంటు సెల్లారులో దాదాపు ఏటా ఏదో ఒక వీధికుక్క ఈనుతుంది. ఆ పిల్లల్ని మంచి ఇళ్లు చూసి ఇచ్చేదాకా సాకే పని ఎలాగో నా నెత్తిన పడింది. దాంతో లిఫ్టులో, పాల ప్యాకెట్ల దగ్గర, వాట్సాప్‌లో అందరూ అవే ప్రశ్నలు అడుగుతుంటారు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. నేను పశువుల డాక్టర్ని కాను. చదివింది కొంత, చేతులు కొరికించుకుని తెలుసుకున్నది కొంత.

అసలు జంతువుల పిల్లలు మనల్ని చూసి నేర్చుకుంటాయా, మనమే అలా అనుకుంటామా?

రెండూ. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మనవాళ్లు ఊరికే అనలేదు. యూటా స్టేట్ యూనివర్సిటీలో ఫ్రెడ్ ప్రొవెంజా అనే శాస్త్రవేత్త గొర్రెల మీద ఏళ్ల తరబడి పనిచేసి చెప్పింది కూడా ఇంచుమించు ఇదే. తల్లి పక్కన నిలబడి ఒక ఆకు రుచి చూసిన గొర్రెపిల్ల పెద్దయ్యాక కూడా దాన్ని వెతుక్కుని తింటుంది. కాబట్టి పిల్ల తల్లిని చూసి నేర్చుకుంటుందా అన్నదాంట్లో గొడవేమీ లేదు. ఆవు స్థానంలో మీరు నిలబడితే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. నాకు తెలిసినంతలో జవాబు: నేర్చుకుంటాయి, కానీ మనం మురిసిపోయేంత కాదు, మనం అనుకున్న విషయాలూ కాదు.

మా కుక్కపిల్ల నన్ను చూసి అల్మారా తలుపు తీయడం నేర్చుకుంది. అది అనుకరణే కదా?

ఈ ప్రశ్న అడగని ఇల్లు లేదు. మా దగ్గర పెరిగిన బూందీ అనే పిల్ల కూడా వంటింటి అల్మారా తీసేది, అందులో బిస్కెట్ల డబ్బా ఉంటుంది మరి. నేనూ మొదట్లో అందరికీ వీడియోలు పంపాను. తర్వాత ఒకరోజు తీరిగ్గా కూర్చుని చూస్తే, నేను హ్యాండిల్ పట్టుకుని లాగుతాను, అది మాత్రం తలుపు కింద సందులో ముక్కు పెట్టి పైకి ఎత్తుతోంది. నేను చేసేదానికీ అది చేసేదానికీ పోలికే లేదు! నన్ను చూసి అది తెలుసుకున్నది ఒక్కటే: 'ఈ తలుపు తెరుచుకుంటుంది, లోపల తిండి ఉంది'. తెరిచే పద్ధతి దాని సొంతం.

చూసి నేర్చుకోవడంలో మూడు మెట్లున్నాయి. మొదటిది, మీరు ఒక వస్తువు దగ్గర తచ్చాడుతుంటే పిల్ల దృష్టి అక్కడికి వెళ్తుంది, తర్వాత తనంతట తాను దాన్ని కెలుకుతుంది. రెండోది, మీరు చేసిన పని వల్ల ఏం జరిగిందో చూసి, అదే ఫలితం కోసం తన దారి తాను వెతుక్కుంటుంది. మూడోది, మీ చెయ్యి కదిలినట్టే తన కాలు కదిపి అచ్చంగా మీలాగే చేస్తుంది. అసలైన అనుకరణ ఈ మూడోదే, అదే అన్నిటికన్నా అరుదు. వీడియోల్లో మనం చూసేవాటిలో ఎక్కువ భాగం మొదటి రెండే.

ఇంగ్లండులో పాలసీసాల కథ దీనికి భలే ఉదాహరణ. 1921లో సౌతాంప్టన్ దగ్గర చిన్న పిట్టలు గుమ్మాల ముందు పెట్టిన పాలసీసాల మూతలు పొడిచి మీగడ తాగడం మొదలుపెట్టాయి. 1940లు పూర్తయ్యేసరికి ఆ అలవాటు బ్రిటన్ అంతా పాకింది. ఒకదాన్ని చూసి ఒకటి అనుకరిస్తున్నాయని అందరూ అనుకున్నారు. 1984లో ఇద్దరు శాస్త్రవేత్తలు అదే కుటుంబానికి చెందిన వేరే జాతి పిట్టలతో పరీక్షించి చూస్తే, మరో పిట్ట తెరవడం చూడనక్కర్లేదు, ఎవరో తెరిచి వదిలేసిన సీసా ఒకటి దొరికినా చాలు, మిగతాది అవే నేర్చుకున్నాయి. అంటే తెరిచి పెట్టిన సీసానే సగం పాఠం చెప్పేసింది. మీ ఇంట్లో సగం తెరిచిన చెత్తబుట్ట సంగతి మీరే ఆలోచించండి.

కుక్కపిల్లలకి ఏ వయసు నుంచి ఇది వస్తుంది?

మనం అనుకునేదానికన్నా ముందే. బుడాపెస్ట్‌లోని అట్వష్ లోరాండ్ విశ్వవిద్యాలయంలో క్లాడియా ఫుగాట్సా, ఆడమ్ మిక్లోషి బృందం 2018లో 8 వారాల పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. ఒక పెట్టె తెరిస్తే తిండి దొరుకుతుంది. కొన్ని పిల్లలకి దాన్ని తల్లి తెరిచి చూపించింది, కొన్నిటికి ముక్కూ మొహం తెలియని వేరే కుక్క, కొన్నిటికి మనిషి. మనిషిని చూసిన పిల్లలూ నేర్చుకున్నాయి. ఇంకా విచిత్రం, కుక్కల్లో తల్లి కన్నా కొత్త కుక్కని చూసినవే బాగా నేర్చుకున్నాయి. కొత్త మొహం కనిపిస్తే కళ్లప్పగించి చూస్తాయి కాబట్టి అని వాళ్ల ఊహ. మన పిల్లలు ఇంట్లో చెప్తే వినకుండా ట్యూషన్ సార్ చెప్తే వినడం గుర్తొచ్చింది నాకు.

ఇది చదివి నాలుగు వారాల పిల్లని తెచ్చుకుంటాం అనకండి. 8 వారాలు నిండేదాకా తల్లితో, తోబుట్టువులతో ఉండాల్సిందే. గట్టిగా కొరికితే అవతలివాడు ఆట మానేస్తాడన్న పాఠం అక్కడే వస్తుంది. తొందరగా విడదీసిన పిల్లలు నా చేతుల మీద ఎన్ని గాట్లు పెట్టాయో మా ఇంట్లోవాళ్లకి తెలుసు.

'నేను చేసినట్టు చెయ్' అనే శిక్షణ ఉందట. ఇంట్లో కుదురుతుందా?

కుదురుతుంది, ఓపిక ఉండాలి. 2006లో హంగరీ శాస్త్రవేత్తలే ఫిలిప్ అనే కుక్క గురించి రాశారు. వికలాంగులకి సాయం చేయడానికి శిక్షణ పొందిన కుక్క అది. మనిషి గిర్రున తిరిగితే అదీ తిరిగేది, మనిషి ఒక సీసాని ఒకచోటి నుంచి ఇంకోచోట పెడితే అదీ పెట్టేది. తర్వాత ఫుగాట్సా దీన్ని మామూలు యజమానులు కూడా నేర్పగలిగే పద్ధతిగా మలిచింది.

ముందు మీ కుక్కకి మాట చెప్తే చేసే పనులు ఒక మూడు ఉండాలి, ఉదాహరణకి గుండ్రంగా తిరగడం, చాప మీద ఎక్కడం, బంతి ముట్టుకోవడం. మీ ఎదురుగా కూర్చోబెట్టి మీరే గుండ్రంగా తిరగండి (బాల్కనీ తలుపు వేసుకోండి, ఎదురింటివాళ్లు చూస్తారు). ఆగి, "నువ్వూ చెయ్" అని, వెంటనే దానికి తెలిసిన ఆజ్ఞ ఇవ్వండి. చేస్తే ముక్క పెట్టండి. ఇలా మూడు పనులూ కలిపి మార్చి మార్చి చేయిస్తూ, మెల్లగా ఆ పాత ఆజ్ఞ మానేసి "నువ్వూ చెయ్" ఒక్కటే మిగిల్చాలి. ఏదో ఒకరోజు దానికి వెలుగుతుంది: ఈ మాటకి అర్థం 'ఇప్పుడు వీళ్లేం చేశారో అది' అని. అక్కడి నుంచి కొత్త పనులు చూపించొచ్చు. నేను ఇప్పటిదాకా రెండు కుక్కలతో ఇక్కడిదాకా రాగలిగాను. మూడోది నేను తిరుగుతుంటే పడుకుని చూసింది.

మనం చేసింది అవి కాసేపు గుర్తు పెట్టుకుంటాయి కూడా. 2013లో చేసిన పరీక్షల్లో పది నిమిషాల తర్వాత కూడా కుక్కలు యజమాని చేసింది చేసి చూపించాయి. ఇంకో ప్రయోగంలో, అడుగుతారని ముందు ఊహించకపోయినా గంట తర్వాత సైతం కొన్ని చేయగలిగాయి.

పిల్లి కూనలు?

నేర్చుకుంటాయి, మీకు చెప్పవు అంతే. 1969లో వచ్చిన ఒక పరిశోధనలో, మీట నొక్కితే తిండి వచ్చే ఏర్పాటుని తల్లి పిల్లి వాడుతుంటే చూసిన కూనలు, వేరే పిల్లిని చూసిన కూనల కన్నా త్వరగా పట్టుకున్నాయి. అసలు ఏ పిల్లినీ చూడని కూనలు నేర్చుకోనే లేదు. కుక్కపిల్లల దగ్గర కొత్త మొహం గెలిస్తే పిల్లి దగ్గర అమ్మే గెలిచింది. 2020లో జపాన్‌లో ఎబిసు అనే పెంపుడు పిల్లి 'నేను చేసినట్టు చెయ్' పద్ధతిలో యజమానిని చూసి పెట్టెని ముందుకాలితో ముట్టుకోవడం, దానికి మొహం రుద్దడం చేసింది. ఒక్క పిల్లి మీద ఇంతకన్నా చెప్పలేం.

మేకలు?

మేకలు చాలా చురుకు. ఒక అడ్డుకంచె చుట్టూ తిరిగి తిండి దగ్గరికి వెళ్లాలి, మనిషి ఆ దారిలో నడిచి చూపించాడు, చూసిన మేకలు చూడనివాటి కన్నా త్వరగా దారి పట్టుకున్నాయి. 2016లో ఇంగ్లండులో చేసిన ప్రయోగం ఇది. కుక్కలతో అదే ప్రయోగం అంతకు ముందే హంగరీలో చేశారు, అవీ నేర్చుకున్నాయి. బక్రీద్ ముందు మా వీధిలో మేకల్ని కట్టేస్తారు, ఒకసారి ఒకటి ముడి విప్పుకుని నేరుగా కూరగాయల బండి దగ్గరికి వెళ్లింది. చూసి నేర్చిందో, నమిలి నమిలి వదులు చేసిందో దానికే తెలియాలి.

గంగిరెద్దు "అయ్యగారికి దండం పెట్టు" అంటే తల ఊపుతుంది కదా, అది?

అది అనుకరణ కాదు, మాట అర్థం కావడమూ పూర్తిగా కాదు. ఆడించే ఆయన చేతిలోని పగ్గం, డోలు దెబ్బ, ఆయన నిలబడే తీరు, వీటిని ఆ ఎద్దు చదువుతుంది. చిన్నప్పటి నుంచి చేసిన సాధన అది, అందులో ఆయన పనితనం ఎక్కువ. జర్మనీలో ఇలాంటిదే హాన్స్ అనే గుర్రం ఉండేది. లెక్క అడిగితే గిట్టతో అన్నిసార్లు నేల కొట్టి జవాబు చెప్పేది. 1907లో ఆస్కర్ ఫుంగ్స్ట్ అనే పరిశోధకుడు కనిపెట్టిందేమిటంటే, సరైన అంకె దగ్గరికి రాగానే ఎదుటి మనిషి తనకి తెలియకుండానే తల కాస్త కదుపుతున్నాడు, గుర్రం అది చూసి ఆపేస్తోంది. ఎదుటివాళ్లకి జవాబు తెలియకపోతే హాన్స్‌కీ తెలియదు. చిలక జోస్యం కూడా ఇదే బాపతు. చిలక కార్డు తీయడం గింజ కోసం, మీ జాతకం కోసం కాదు.

నన్నడిగితే ఇలా మనల్ని చదవడమే అనుకరణ కన్నా పెద్ద విద్య. మీరు చేసింది చేయకపోయినా, మీరు చేయబోయేది వాటికి ముందే తెలిసిపోతుంది. నేను చెప్పులు వేసుకోకముందే, ఫోన్ ఛార్జర్ నుంచి తీసిన తీరు చూసి బూందీ తలుపు దగ్గర నిలబడేది.

చిలక మాట్లాడటం అనుకరణే కదా?

అవును, ఇక్కడ మాత్రం నిస్సందేహంగా. చిలక గుంపులో బతికే పక్షి, తోటి చిలకల అరుపుల్ని వినిపట్టుకుని అలాగే అరవడం దానికి పుట్టుకతో వచ్చిన అవసరం. పంజరంలో పెడితే తోటి చిలకలు లేవు, మీరే దాని గుంపు, అందుకని మీ మాటలు పట్టుకుంటుంది. దాని గొంతు మనలా స్వరపేటికతో కాదు, శ్వాసనాళం అడుగున ఉండే వేరే అవయవంతో పలుకుతుంది, నాలుకని కూడా మనలాగే వాడుకుంటుంది.

'చిలక పలుకులు' అని తేలిగ్గా తీసేస్తాం గానీ, అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ దగ్గర 1977 నుంచి 2007 దాకా బతికిన అలెక్స్ అనే ఆఫ్రికన్ గ్రే చిలక రంగులు, ఆకారాలు, వస్తువుల పేర్లు అడిగితే చెప్పేది, ఆరు దాకా లెక్కపెట్టేది. ఆవిడ నేర్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది. చిలకకి నేరుగా పాఠం చెప్పేవారు కాదు. దాని ముందు ఇద్దరు మనుషులు కూర్చునేవారు. ఒకరు వస్తువు చూపించి పేరు అడిగితే రెండోవారు చెప్పి ఆ వస్తువు గెలుచుకునేవారు, తప్పు చెప్తే దక్కేది కాదు. చిలక ఇదంతా చూసి కుళ్లుకుని తనూ పోటీకి దిగేది.

చిక్కడపల్లిలో మా అమ్మమ్మ పక్కింట్లో ఒక రామచిలక గేటు కిర్రుమనగానే "ఎవరూ?" అనేది. కుక్కర్ విజిల్ కూడా వేసేది, అమ్మమ్మ ఎన్నిసార్లు స్టవ్ దగ్గరికి పరిగెత్తిందో లెక్కలేదు. ఇప్పుడు అలా పెంచాలని ఆశపడకండి. మన రామచిలకల్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అందరూ పెంచుతున్నారుగా అంటే, హెల్మెట్ లేకుండా కూడా చాలామంది తిరుగుతున్నారు.

కోతి అంటేనే అనుకరణ కదా? టోపీల వ్యాపారి కథ ఉందిగా?

కథ బాగుంటుంది. నిజంలో కోతులు టోపీలు విసరవు, టోపీతో పాటు మీ అరటిపళ్ల సంచీ కూడా పట్టుకుపోతాయి. 1990లో ఎలిసబెత్తా విసాల్‌బెర్గి, డొరొతీ ఫ్రాగజీ 'కోతులు నిజంగా అనుకరిస్తాయా' అనే ప్రశ్ననే తీసుకుని అప్పటిదాకా ఉన్న ఆధారాలన్నీ తిరగేశారు, అచ్చమైన అనుకరణకి గట్టి రుజువు కనపడలేదు. మీ ఇంటి మీద పడే కోతి కిటికీ తీసిందంటే, అది మీ చెయ్యి చూసి నేర్చింది కాదు, కిటికీ వెనకాల ఏముందో చూసి తీసింది.

అయితే పసికూనల దగ్గర ఒక ముచ్చట ఉంది. 2006లో ఇటలీకి చెందిన పియర్ ఫ్రాన్సెస్కో ఫెరారీ బృందం అప్పుడే పుట్టిన రీసస్ కోతి కూనల ముందు మనిషి నాలుక బయటపెట్టి, పెదాలు చప్పరించి చూపిస్తే, మూడు రోజుల కూనలు కొన్ని తిరిగి అలాగే చేశాయి. మరికొద్ది రోజులకే ఆ అలవాటు పోయింది.

తోకలేని పెద్ద కోతుల సంగతి వేరు. బోర్నియోలో బిరూటే గాల్డికాస్ నడిపిన శిబిరంలో, మనుషుల దగ్గర పెరిగి తిరిగి అడవికి అలవాటు పడుతున్న ఒరాంగుటాన్లు ఉండేవి. వాటిని ఆన్ రసన్ గమనించి 1993లో ఆమెతో కలిసి రాసిన విషయాలు చదివితే నోరు తెరుచుకుంటుంది. సబ్బు తీసుకుని రేవులో బట్టలు ఉతికేవట, పడవలు విప్పుకుని ఎక్కి పోయేవట. సుపీనా అనే ఆడది వంటమనిషిని చూసి మంట రాజేయబోయింది, కిరోసిన్ తీసుకుని పుల్లని అందులో ముంచింది, మూతతో విసిరింది, మంట మాత్రం రాలేదు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ ముక్క పెట్టలేదు. దగ్గరికి రానివ్వకపోయినా తిరిగి తిరిగి వచ్చి అదే చేసేది.

మరి కోతులాడించేవాళ్ల దగ్గర కోతి బడికి పోయినట్టు, అత్తగారింటికి అలిగి పోయినట్టు చేసేది కదా అంటే, అది తాడూ కర్రా నేర్పిన చదువు. కోతుల్ని, ఎలుగుబంట్లని ఆడించడాన్ని 1998లో కేంద్రం నిషేధించింది.

ఏనుగు మాట్లాడిందని విన్నాను, నిజమా?

నిజం. దక్షిణ కొరియాలో ఎవర్‌ల్యాండ్ జూలోని కోషిక్ అనే ఏనుగు తొండం నోట్లో పెట్టుకుని కొరియన్ మాటలు ఐదు పలుకుతుంది, 'కూర్చో', 'వద్దు' లాంటివి. ఏంజెలా స్టోగర్ బృందం 2012లో ఇది పరిశీలించి రాసింది. నాకు నవ్వు రాలేదు ఇది చదివి. ఎందుకంటే గున్నగా ఉన్నప్పుడు సుమారు ఐదేళ్లు దానికి మరో ఏనుగు తోడు లేదు, పలకరించేది మనుషులే. అర్థం తెలిసి అన్నట్టు కూడా లేదు, 'కూర్చో' అని ఎవరైనా కూర్చుంటారని అది ఎదురుచూడదు. తోడు కోసం మన గొంతు అరువు తెచ్చుకుంది.

పెంపుడు జంతువులే బాగా నేర్చుకుంటాయా, అడవి జంతువులా?

అందరూ కుక్కే అంటారు. ఆస్ట్రియాలో ఫ్రీడరికే రాంగె, జోఫియా విరాన్యి మనుషుల చేతుల్లో పెంచిన ఆరు నెలల తోడేలు పిల్లలకీ, అలాగే పెంచిన కుక్కపిల్లలకీ ఒక శిక్షణ పొందిన కుక్క పెట్టె తెరవడం చూపించారు. తోడేళ్లే బాగా గమనించి తెరిచాయి, కుక్కపిల్లల్లో చాలా వాటికి చేతకాలేదు. మనిషి తిండి ఎక్కడ దాచాడో చూసి వెతకడంలో మాత్రం రెండూ నేర్చుకున్నాయి. చూసి నేర్చుకునే బుద్ధి మనం కుక్కకి పెట్టిన భిక్ష కాదు, తోడేలు నాటి నుంచే ఉంది.

మా మేడ మీద గద్ద పిల్ల పడింది. పెంచి ఎగరడం నేర్పొచ్చా?

వద్దు. సంక్రాంతికి మాంజా తగిలి పడేవాటి గురించీ నన్ను ఇదే అడుగుతారు. కళ్లు తెరిచిన రోజుల్లో ఎవరు తిండి పెడితే వాళ్లే తనవాళ్లని కొన్ని పక్షి పిల్లల మనసులో ముద్ర పడిపోతుంది. కాన్రాడ్ లారెంజ్ 1935లో బాతు జాతి పిల్లలతో చూపించింది ఇదే, గుడ్డులోంచి బయటికి రాగానే తనని చూసిన పిల్లలు తన వెనకే నడిచాయి. ఇది అనుకరణ కన్నా ముందు జరిగేది, అంత తేలిగ్గా చెరగదు. అలా పెరిగిన గద్దకి మనిషంటే భయం ఉండదు, తోటి గద్దతో జతకట్టడమూ తెలియకపోవచ్చు.

ఇది ఎంత తీవ్రమో అమెరికావాళ్లు పడిన పాట్లు చూస్తే తెలుస్తుంది. కాండర్ రాబందు పిల్లలకి మనిషి మొహం కనపడకుండా రాబందు తల ఆకారపు తోలుబొమ్మ తొడుక్కుని తిండి పెట్టారు. హూపింగ్ కొంగల పిల్లల్ని పెంచేవాళ్లు ఒళ్లంతా తెల్ల ముసుగు వేసుకుని, నోరు విప్పకుండా పనిచేశారు. వలస దారి చూపడానికి 2001 నుంచి చిన్న విమానం నడుపుతూ వాటిని విస్కాన్సిన్ నుంచి ఫ్లోరిడా దాకా వెంట తీసుకెళ్లారు. ఇంత చేసేది కూడా మనిషిని చూసి అవి మనిషివి కాకూడదనే.

మీరు చేయగలిగింది: అట్టపెట్టెలో చిల్లులు పెట్టి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచి, అటవీశాఖకి గానీ బ్లూ క్రాస్ లాంటి సంస్థకి గానీ చెప్పండి. పాలు పొయ్యకండి. సెల్ఫీ వద్దు. పిల్ల గూటి కిందే ఉండి దెబ్బ తగలకపోతే చాలాసార్లు తల్లే చూసుకుంటుంది.

టపాసులకి నేను భయపడితే కుక్కపిల్లా భయపడుతుందా?

కొంతవరకు. మిలాన్‌లో ఒక ప్రయోగంలో, రిబ్బన్లు కట్టి తిరుగుతున్న ఫ్యాను ముందు కుక్కల్ని వదిలితే, చాలావరకు అవి ముందు ఫ్యాను వైపు, తర్వాత యజమాని మొహం వైపు చూశాయి. యజమాని భయపడినట్టు చేస్తే వెనక్కి తగ్గాయి. దీపావళి నాడు మీరు టెన్షన్ పడుతూ దాని చుట్టూ తిరిగితే అది మీ మొహంలో జవాబు చదువుకుంటుంది. కిటికీలు మూసి, టీవీ పెట్టి, మామూలుగా ఉండండి.

కొట్టి నేర్పితే?

మీ చెయ్యి లేస్తే పారిపోవడం నేర్చుకుంటుంది. అది తప్ప వేరేదేదీ ఖాయంగా రాదు.

అన్నీ సరే, మా రెండేళ్ల బాబే కుక్కపిల్లని చూసి నేల మీద పాకుతూ గిన్నెలో నాకుతున్నాడు. ఏం చేయాలి?

ఇది అడిగిన మా నాలుగో అంతస్తు వదినగారికి నేను కెలాగ్ దంపతుల కథ చెప్పాను. విన్‌త్రాప్, లుయెల్లా కెలాగ్ 1931లో ఏడున్నర నెలల గువా అనే చింపాంజీని తెచ్చి, పది నెలల తమ కొడుకు డొనాల్డ్‌తో సమానంగా పెంచారు, అవే బట్టలు, అదే కుర్చీ, అవే ముద్దులు. చింపాంజీ మనిషిలా అవుతుందా అని వాళ్ల ఆరాటం. గువా చెంచాతో తినడం, చెప్పిన మాట వినడం లాంటివి పిల్లవాడి కన్నా ముందే పట్టుకుంది, మాట మాత్రం ఒక్కటీ రాలేదు. ఈలోగా డొనాల్డ్ తిండి కనపడితే గువాలా అరవడం మొదలుపెట్టాడు! తొమ్మిది నెలలకే ప్రయోగం కట్టిపెట్టి గువాని వెనక్కి పంపేశారు.

2005లో విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటన్ చేసిన ఇంకో ప్రయోగం కూడా చెప్పాను వదినగారికి. లోపల ఏం జరుగుతుందో కనిపించే పారదర్శకమైన పెట్టె తెరుస్తూ మనిషి మధ్యలో అక్కర్లేని పనులు కూడా చేశాడు, కర్రతో పైన పొడవడం లాంటివి. చింపాంజీ పిల్లలు ఆ అనవసరమైనవి వదిలేసి నేరుగా తిండి తీసుకున్నాయి. మూడు నాలుగేళ్ల మనుషుల పిల్లలు పెద్దవాళ్లు చేసింది తు.చ. తప్పకుండా అంతా చేశారు. ఇంట్లో అందరికన్నా పెద్ద కోతి ఎవరో తేలిపోయింది కదా.

గిన్నె పైన పెట్టేయండి. కుక్కపిల్లకి నులిపురుగుల మందు వేయించారా?